రూల్స్ తగ్గితే గేమ్ మాస్టర్ పని తగ్గుతుందా?



2016లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్ చూసినవారికి మొదటి ఎపిసోడ్ గుర్తుండే ఉంటుంది. నలుగురు కుర్రాళ్లు ఇంటి బేస్‌మెంట్‌లో బల్ల చుట్టూ చేరి ఆడుతుంటారు. ఒకడు కథ నడుపుతుంటాడు. మిగతా ముగ్గురూ తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్పి పాచికలు వేస్తుంటారు. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అందులో కథ నడిపేవారిని డంజన్ మాస్టర్ అంటారు. ఆ తర్వాత పుట్టిన ఇలాంటి ఆటలన్నిటికీ కలిపి గేమ్ మాస్టర్ అనే మాట వాడుకలోకి వచ్చింది. ఒక పూట ఆట సెషన్. అవే పాత్రలతో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే కథ క్యాంపెయిన్.

గేమ్ మాస్టర్ ఇంచుమించు అవధాని లాంటివాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏం అడుగుతారో ముందు తెలియదు, అడిగాక ఆగి ఆలోచించే తీరిక ఉండదు. కోట తలుపు బద్దలు కొడతారనుకుంటే కాపలావాడితో స్నేహం కలుపుతారు. ఉత్తరానికి వెళతారనుకుంటే పడవెక్కి దక్షిణానికి పోతారు. అయినా వారం వారం ఏదో ఒకటి సిద్ధం చేసుకునే రావాలి. ఆ సన్నాహానికి ఎంత సమయం పడుతుంది, అది దేనిమీద ఖర్చవుతుంది అనేది చాలావరకు రూల్స్ పుస్తకం చేతిలో ఉంటుంది. గత పాతికేళ్లలో ఈ ఆటల రచయితలు రూల్స్‌ను బాగా కుదించారు. దానివల్ల గేమ్ మాస్టర్ శ్రమకు ఏమైందన్నది ఆలోచించవలసిన సంగతి.

మొదట బరువైన రూల్స్ సంగతి చూద్దాం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు అది ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. 1977 నుంచి 1979 లోపల అదే ఆట అడ్వాన్స్‌డ్ పేరుతో మూడు గట్టి అట్టల పుస్తకాలుగా పెరిగింది. 2000లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ మూడో ఎడిషన్ విడుదల చేసింది. జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ దాన్ని రూపొందించారు. కథానాయకులకు, రాక్షసులకు, దారిన పోయే మాంత్రికుడికి కూడా ఒకే లెక్క వర్తించాలన్నది అందులోని సూత్రం. సూత్రంగా అది చాలా అందమైనది. ఎవరి బలం ఎక్కడినుంచి వచ్చిందో అంకె అంకెకూ కారణం చూపించవచ్చు.

ఆ అందానికి మూల్యం చెల్లించింది గేమ్ మాస్టర్. ఆ ఎడిషన్‌లో పదో స్థాయి మాంత్రికుణ్ణి శత్రువుగా నిలబెట్టాలంటే, అతను ఆ రోజుకు సిద్ధం చేసుకున్న మంత్రాలన్నీ ముందే ఎంచి పెట్టాలి. పట్టిక ప్రకారం అవి 20. తెలివితేటల అంకె బాగుంటే అదనంగా మరికొన్ని. ఆ తర్వాత ప్రాణబలం, విషానికీ మాయకూ తట్టుకునే అంకెలు, నైపుణ్యాలకు పంచవలసిన పాయింట్లు, ప్రత్యేక విద్యలు, చేతి ఉంగరం, మెడలో తాయెత్తు. ఒక్కోటి ఇంకోదాన్ని మారుస్తుంది కాబట్టి చివర్లో మళ్లీ కూడి చూసుకోవాలి. ఒక సాయంత్రం అలా గడిచిపోతుంది. ఆటలో ఒక రౌండ్ పోరాటం అంటే 6 సెకన్లు. నాలుగు రౌండ్లలో ఆ మాంత్రికుడు నేలకూలితే, అంత శ్రమపడి తయారుచేసిన మనిషి రంగస్థలం మీద ఉన్నది 24 సెకన్లు. అదీ ఆటగాళ్లు అతని ఇంటివైపు వెళితేనే.

ఇక్కడ సమయం వృథా కావడం ఒక్కటే సమస్య అయితే సర్దుకుపోవచ్చు. అంతకంటే లోతైన నష్టం ఇంకొకటి ఉంది. ఒక సాయంత్రమంతా పెట్టి చేసిన మాంత్రికుణ్ణి ఏ గేమ్ మాస్టరూ వదులుకోలేడు. ఆటగాళ్లు పడవెక్కుతామంటే తుఫాను తెస్తాడు. దక్షిణం దారికి వంతెన కూలిపోయిందంటాడు. చివరికి అందరినీ ఆ మాంత్రికుడి గుమ్మం ముందుకే తీసుకువస్తాడు. ఆటగాళ్ల చేతిలో ఉండవలసిన నిర్ణయం వాళ్లకు తెలియకుండానే జారిపోతుంది. ఖరీదైన సన్నాహం కథను తనవైపు లాక్కుంటుంది. రూల్స్ సులువుగా ఉండటంలో అసలు లాభం ఇక్కడే ఉంది. చవకగా తయారైనదాన్ని గేమ్ మాస్టర్ బాధ లేకుండా పక్కన పెట్టగలడు, ఆటగాళ్లు ఎటు పోతే అటు నడవగలడు.

ఈ సంగతి చాలా తొందరగా గ్రహించినవాడు కెన్ సెయింట్ ఆండ్రే. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరవాసి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆలోచన ఆయనకు నచ్చింది, ఆ పుస్తకాల గజిబిజి నచ్చలేదు. 1975లో టనల్స్ అండ్ ట్రోల్స్ అనే సొంత ఆట రాసుకున్నాడు. రకరకాల ముఖాల పాచికలు తీసేసి, ఇంట్లో దొరికే ఆరు ముఖాల పాచికలే ఉంచాడు. అందులో రాక్షసుడంటే ఒకే ఒక్క అంకె. అంకె 40 అనుకుందాం. అదే అతని ప్రాణబలం. దాన్ని పదితో భాగించి ఒకటి కలిపితే 5, అన్ని పాచికలు వేస్తాడు. వచ్చిన మొత్తానికి 40లో సగం, అంటే 20 కలుపుకుంటాడు. అంతే, రాక్షసుడు తయారు. సన్నాహం అరనిమిషం.

అయితే 40 అంకె ఉన్న తోడేలుకూ, 40 అంకె ఉన్న దొంగల నాయకుడికీ లెక్కలో తేడా లేదు. ఆ తేడాను గేమ్ మాస్టర్ తన మాటతో తేవాలి. తోడేలు చుట్టూ తిరిగి వెనకనుంచి దూకాలి. దొంగల నాయకుడు బేరమాడాలి, బెదిరించాలి, ఓడిపోతున్నాడంటే గుర్రమెక్కి పారిపోవాలి. లెక్కల్లో మిగిలిన సాయంత్రం ఇక్కడికి వచ్చి చేరుతుంది. పని మాయం కాలేదు, గణితం నుంచి మనుషుల దగ్గరికి మారింది. ఈ మార్పు మంచిదనే చెప్పాలి. ఎందుకంటే ఆట ముగిసి ఇంటికి వెళ్లాక ఆటగాళ్లు చెప్పుకునేది ఆ నాయకుడు ఆడిన బేరం గురించే, అతని అంకెల గురించి కాదు.

మూడో ఎడిషన్ రూపకర్తల్లో ఒకరైన మాంటీ కుక్ తర్వాత నడిచిన దారి దీనికి గట్టి సాక్ష్యం. 2012లో ఆయన న్యూమనేరా అనే కొత్త ఆట కోసం కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో చందాలు కోరితే 5 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2013లో వెలువడిన ఆ ఆటలో ఏ జీవికైనా, ఏ ఆటంకానికైనా ఒకటి నుంచి పది వరకు ఒక స్థాయి ఉంటుంది. ఆటగాడు ఇరవై ముఖాల పాచికమీద వేయవలసిన అంకె ఆ స్థాయికి మూడు రెట్లు. నాలుగో స్థాయి కాపలావాడంటే 12 వేయాలి. అతని ప్రాణబలం మామూలుగా అదే 12, దెబ్బకు కలిగే నష్టం 4. గేమ్ మాస్టర్ అసలు పాచిక ముట్టడు. ఈ రంగంలో అతి వివరమైన లెక్కల్లో ఒకదాన్ని కట్టిన చేతులే ఈ ఒక్క అంకె లెక్కనూ కట్టాయి. న్యూమనేరా కథ వంద కోట్ల ఏళ్ల తర్వాతి భూమిమీద జరుగుతుంది. ఒకప్పటి నాగరికతల శిథిలాలు, ఎందుకు పనికొస్తాయో తెలియని యంత్రాలు ఎక్కడ చూసినా ఉంటాయి. అలాంటి ప్రపంచాన్ని ఊహించి చెప్పడానికి గేమ్ మాస్టర్ బుర్ర ఖాళీగా ఉండాలి.

సులువైన రూల్స్ అంటే అన్నీ ఒకే రకం అనుకోకూడదు. కొన్ని రూల్స్ తగ్గించి ఊరుకుంటాయి, ఖాళీలన్నీ గేమ్ మాస్టరే నింపుకోవాలి. ఇంకొన్ని చిన్నవే అయినా గేమ్ మాస్టర్ చేయవలసిన పనిలో భాగం తామే చేస్తాయి. ఈ రెండో రకానికి 1981లో టామ్ మోల్డ్‌వే సరిచేసి రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పుస్తకం చక్కని ఉదాహరణ. 64 పేజీల పుస్తకం. నేలమాళిగలో ఎదురైన జీవి ఏం చేస్తుందో ముందుగా నిర్ణయించి ఉంచనక్కర్లేదు. రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తే చాలు. 2 పడితే వెంటనే మీద పడుతుంది, 12 పడితే ఉత్సాహంగా స్నేహం చేస్తుంది, మధ్యలో అనుమానం, తటపటాయింపు. పోరాటం మధ్యలో శత్రువు నిలబడతాడా పారిపోతాడా అన్నదానికీ ఇలాంటిదే ఇంకో చిన్న పరీక్ష. రెండు పాచికలు గేమ్ మాస్టర్‌కు సగం కథ అందిస్తాయి. స్నేహానికి వచ్చిన రాక్షసుడికి ఏం కావాలి, ఎవరిమీద కోపం అని ఆలోచించడం మొదలుపెడితే క్యాంపెయిన్ కొత్త మలుపు తిరుగుతుంది. ఆ మలుపు గేమ్ మాస్టర్ కూడా ఊహించనిది కాబట్టి ఆయనకూ ఆట ఆడినంత ఆనందం.

అదే కాలంలో బేసిక్ పెట్టెతో పాటు వచ్చిన ‘ద కీప్ ఆన్ ద బార్డర్‌ల్యాండ్స్’ అనే సాహస పుస్తకం గైగాక్స్ రాసింది. సరిహద్దు కోట ఒకటి, దగ్గర్లో రాక్షస జాతులు నివసించే గుహలు ఉన్న లోయ ఒకటి. అందులో రాక్షసుల వివరం ఒకటి రెండు వరుసల్లో ముగుస్తుంది. కోటలో ఉన్న అధిపతికి, వర్తకుడికి, పూజారికి పేర్లే ఉండవు. కొత్త గేమ్ మాస్టర్లు పేర్లు తామే పెట్టుకుని, ఎవరికి ఎవరితో పొత్తో తామే తేల్చుకుంటూ ఈ విద్య నేర్చుకున్నారు. ఎంత రాసి ఇవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది తెలిసిన రచన అది.

ఈ రెండో రకంలోనే 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతుల అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట వచ్చింది. ఇందులోనూ గేమ్ మాస్టర్ పాచికలు వేయడు. ఆటగాడు రెండు పాచికలు వేసి తన అంకె కలుపుతాడు. పది లేదా అంతకు ఎక్కువైతే పని జరుగుతుంది, ఏడు నుంచి తొమ్మిది అయితే జరుగుతుంది కానీ ఏదో ఒకటి వదులుకోవాలి, ఆరు లేదా అంతకు తక్కువైతే గేమ్ మాస్టర్ వంతు. కథ ముందే రాసుకుని రావద్దని ఈ పుస్తకం గేమ్ మాస్టర్‌కు నేరుగా చెబుతుంది. మొదటి సెషన్‌లో పాత్రల మామూలు రోజు ఒకటి గడవనిచ్చి, ప్రశ్నలు అడిగి, అప్పుడు ఇంటికి వెళ్లి ప్రమాదాల జాబితా రాసుకోమంటుంది. దీని బాటలో 2012లో వచ్చిన డంజన్ వరల్డ్‌లో ఆ జాబితా మరింత స్పష్టమైన రూపం తీసుకుంది. ఊరిమీద ఒక ముప్పు ఉంది, దానికి ఒక కోరిక ఉంది. కథానాయకులు పట్టించుకోకపోతే మొదట బావి ఎండిపోతుంది, తర్వాత పశువులు చనిపోతాయి, తర్వాత ఊరి పెద్ద మాయమవుతాడు. గేమ్ మాస్టర్ సన్నాహమంతా ఈ మెట్లు రాసుకోవడమే. కథానాయకులు అడ్డుపడితే జాబితా కొట్టేసి కొత్తది రాస్తాడు. అరపేజీ కాగితం కాబట్టి కొట్టేయడానికి చేయి వెనకాడదు.

ఇంతవరకు లాభాల లెక్క. బరువు ఎటు పోయిందో చూడాలంటే ఇంకా వెనక్కి, జర్మనీకి వెళ్లాలి. 1824లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి యుద్ధశిక్షణ కోసం ‘క్రీగ్‌ష్పీల్’ అనే ఆట ప్రకటించాడు. కొలతలు సరిచూసిన మ్యాపులు, పాచికలు, ఎంతమంది చనిపోయారో తేల్చే పట్టికలు, వాటిని నడిపే మధ్యవర్తి. ప్రష్యా సైన్యంలో అది బాగా వ్యాపించింది. కానీ పట్టికలు వెతుక్కుంటూ కూర్చోవడం అధికారులకు విసుగు పుట్టించింది. 1876లో యూలియస్ ఫాన్ వెర్డీ అనే అధికారి పట్టికలనూ పాచికలనూ పక్కన పెట్టేయమన్నాడు. ఫలితమేమిటో మధ్యవర్తే తన అనుభవంతో చెప్పాలి. వెర్డీ ఫ్రాన్స్‌తో జరిగిన 1870-71 యుద్ధంలో ప్రష్యా ప్రధాన సేనాని మోల్ట్‌కె దగ్గర పనిచేసినవాడు. అసలు యుద్ధం చూసినవాడి తీర్పు పట్టిక కంటే మేలైనదని నమ్మడం సహజమే. చిక్కు ఏమిటంటే, వెర్డీ పద్ధతికి వెర్డీ అంతటి మధ్యవర్తి కావాలి. అనుభవం లేనివాడు ఆ కుర్చీలో కూర్చుంటే ఆటగాళ్లకు తీర్పు మీద నమ్మకం పోతుంది.

ఇది దూరపు చుట్టరికం కాదు. ఈ మధ్యవర్తి సంప్రదాయం అమెరికాకు చేరి, 1969లో మినియాపొలిస్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ నడిపిన ‘బ్రాన్‌స్టీన్’ అనే ఆటకు దారితీసింది. అందులో ఆడిన డేవ్ ఆర్నెసన్ తర్వాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకడయ్యాడు. గేమ్ మాస్టర్ అనేవాడి వంశవృక్షంలో, తీర్పు చెప్పేవాణ్ణి ఎంతవరకు నమ్మవచ్చన్న వెర్డీ ప్రశ్న మొదటినుంచీ ఉంది. రూల్స్ తగ్గినప్పుడల్లా అది తిరిగి లేస్తుంది.

నేటి బల్ల దగ్గర అది ఎలా ఎదురవుతుందో చూడండి. వరదలో ఉన్న నదిని కవచం వేసుకున్న యోధుడు ఈదుతానంటాడు. లావుపాటి రూల్స్ పుస్తకంలో దీనికి ఒక పేజీ ఉంటుంది. పల్చటి పుస్తకంలో ఏమీ ఉండదు. గేమ్ మాస్టర్ అక్కడికక్కడ తేలుస్తాడు: కవచం విప్పితే ఈదవచ్చు, విప్పకపోతే బలం అంకెకు లోపు పాచిక పడాలి. తీర్పు బాగుంది, ఆట సాగింది. మూడు నెలల తర్వాత ఇంకొకరు ఇంకో నది ఈదుతానంటారు. ఈసారి వేరే తీర్పు చెబితే మొదటి ఆటగాడు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఒక్క పూట ఆటలో ఈ ఇబ్బంది తెలియదు. క్యాంపెయిన్ నడిపేవారు మాత్రం తప్పనిసరిగా ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఇచ్చిన ప్రతి తీర్పునూ రాసుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఆ బల్లకు సొంత రూల్స్ పుస్తకం తయారవుతుంది. సెషన్‌కు ముందు చేయవలసిన పని సెషన్ తర్వాతకు జరిగిందన్నమాట. చాలామంది కొత్త గేమ్ మాస్టర్లు ఈ భాగాన్ని వదిలేసి, ఆట ఎందుకు పట్టు తప్పుతోందో అర్థంకాక తికమకపడతారు.

సుదీర్ఘమైన క్యాంపెయిన్‌కు ఇంకో అవసరం ఉంది. పెద్ద రూల్స్ పుస్తకంలో పాత్ర ఎదుగుతూ ఉంటుంది, ప్రతి స్థాయికీ కొత్త విద్య దొరుకుతుంది. ఆటగాళ్లు మళ్లీ వారం రావడానికి అదొక కారణం. పల్చటి రూల్స్‌లో ఆ మెట్లు తక్కువ. ఎదుగుదలను గేమ్ మాస్టర్ ప్రపంచంలోనే చూపించాలి: ఊరు రక్షించినందుకు రెండెకరాల పొలం, రాజు దగ్గర పలుకుబడి, పాత శత్రువు కొడుకు పెట్టుకున్న పగ. ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారో గుర్తుంచుకోవడం కొత్త సన్నాహం. ఆటగాళ్లకు లెక్కల మీద మక్కువ ఉండి, ఒక్కో విద్యా ఏరి కూర్చి పాత్ర కట్టుకోవడమే ఆనందమైతే మాత్రం వాళ్లమీద పల్చటి రూల్స్ రుద్దడం తగదు. ఆ ఆనందమూ నిజమైనదే.

సన్నాహం తగ్గించుకోవడానికి రూల్స్ మార్చడం ఒక్కటే దారి కూడా కాదు. మైక్ షే 2018లో ‘రిటర్న్ ఆఫ్ ద లేజీ డంజన్ మాస్టర్’ అనే పుస్తకం రాశాడు. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ లాంటి మధ్యరకం బరువున్న ఆటలోనే ఎనిమిది దశల్లో సన్నాహం ముగించే పద్ధతి చెప్పాడు. అందులో అన్నిటికంటే ఉపయోగమైనది రహస్యాల జాబితా. ఆటగాళ్లకు తెలియవలసిన పది సంగతులు రాసుకోవాలి, అవి ఎవరి నోట, ఎక్కడ తెలుస్తాయో రాయకూడదు. ఆటగాళ్లు పూజారిని అడిగితే పూజారి చెబుతాడు, శిథిలం తవ్వితే శాసనం చెబుతుంది. ప్రచురణకర్తలు కూడా ఇదే దిశలో కదులుతున్నారు. ఐదో ఎడిషన్‌లో శత్రువుల సంఖ్య పెరిగేకొద్దీ పోరాటం ఎంత కఠినమో తేల్చడానికి ఒక హెచ్చవేత లెక్క ఉండేది. 2024లో సవరించిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో దాన్ని తీసేశారు.

మరి తెలుగువాళ్లకు ఇందులో ఏముంది? ఈ ఆట అంతా నోటిమాట మీద నడిచేది. మూడు వందల పేజీల ఇంగ్లిషు పుస్తకం చదివితే తప్ప కథ చెప్పలేమన్న భయంతో ఆగిపోయినవారికి పల్చటి రూల్స్ పెద్ద ఊరట. యోహాయ్ గాల్ 2020లో విడుదల చేసిన కెయిర్న్ అనే ఆట ఉంది. బలం, చురుకు, మనోబలం అనే మూడే సామర్థ్యపు అంకెలు. ప్రమాదం వస్తే ఇరవై ముఖాల పాచిక ఆ అంకెకు మించకుండా పడాలి. పోరాటంలో తగిలిందా లేదా అన్న పాచికే లేదు, దెబ్బ తగిలినట్టే, నష్టం ఎంతో తేల్చుకోవడమే. పావుగంటలో తెలుగులో వివరించి ఆట మొదలుపెట్టవచ్చు. మిగిలిన సాయంత్రం ఒక ఊరికి, అందులో నలుగురు మనుషులకు, వాళ్ల కోరికలకు కేటాయించవచ్చు. కెయిర్న్ పాఠం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంది. రచయిత పేరు చెప్పి, అదే లైసెన్సు కొనసాగిస్తే ఎవరైనా అనువదించి ప్రచురించవచ్చు. ఇప్పటికే పలు భాషల్లోకి వెళ్లింది. ఈ ఆటల మీద ఇష్టం ఉన్న తెలుగు యువతీ యువకులు నలుగురు కలిసి కూర్చుంటే ఆ చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తేవడం కష్టం కాదు. ఆ పనికి ఎవరైనా పూనుకోవాలి.